జాలీ తీసే ముందు ఒక మాట: విజయనగరం జిల్లా మోటారు సైకిలు మెకానిక్‌లకు బహిరంగ లేఖ

విజయనగరం జిల్లాలో మోటారు సైకిళ్లు బాగుచేస్తూ బతుకుతున్న మెకానిక్ సోదరులకు, వారికి సామాను అమ్మే దుకాణదారులకు నమస్కారాలు.

నేనూ మీలో ఒకణ్ణే. ఐ.టి.ఐ. చదివి, ఇంకొకరి షెడ్డులో ఆరేళ్లు స్పానర్లు అందించి, తరవాత కొత్తపేట వైపు సొంతంగా షెడ్డు పెట్టుకుని ముప్పై ఏళ్లు దాటింది. మీలో కొందరు నా దగ్గర పని నేర్చుకున్నవారు, మరికొందరు నాకు పని నేర్పినవారి పిల్లలు. అందుకే ఈ లేఖను పోలీసులకో, రవాణా శాఖకో రాయకుండా మీకే రాస్తున్నాను. సైలెన్సరు మార్చుకున్న కుర్రవాణ్ణి రోడ్డు మీద ఆపి జరిమానా వేయడం వాళ్ల పని. ఆ సైలెన్సరును బిగించింది మాత్రం మన చేతులే. బిగించే ముందు ఆ కుర్రవాడితో మనం అనే ఒక మాట గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. "ఇది వేయించుకో తమ్ముడూ, పికప్ పెరుగుతుంది" అనే మాట.

పోయిన చలికాలంలో గజపతినగరం అవతలి పల్లె నుంచి ఒక అబ్బాయి కార్బురేటరు ఉన్న పాత 350 బుల్లెట్టు తీసుకొచ్చాడు. దానికి పొట్టిగా, లోపల చప్పుడు అణచే జాలీ లేకుండా ఉన్న సైలెన్సరు వేసి ఉంది. మన వాళ్లు షార్ట్ బాటిల్ అంటారు. స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే మూడో గేరులో బండి లాగలేదట. రెండో గేరుకు దించితే అరుపే గాని ఊపు లేదట. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలిన ప్రతిసారీ పటాకా పేలినట్టు చప్పుళ్లు. "బాబాయ్, మూడు హార్స్‌పవర్ పెరుగుతుందన్నారు, ఉన్నది కూడా పోయింది" అన్నాడు. ఆ సైలెన్సరుకు ఇచ్చిన డబ్బు వాళ్ల నాన్న మామిడి కాపు అమ్మగా వచ్చిన దానిలోది.

బండి స్టాండు వేసి చూశాను. ఇంజను నుంచి సైలెన్సరుకు పొగ తెచ్చే బెండ్ పైపు, ఇంజను పైభాగమైన హెడ్డు దగ్గర నీలం, ఊదా రంగులకు తిరిగిపోయి ఉంది. స్పార్కు ప్లగ్గు విప్పితే మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బెండ్ పైపును హెడ్డుకు బిగించే చోట సందు మూసే పాత గ్యాస్కెట్టే మళ్లీ పెట్టారు, అది ఊదుతోంది, చుట్టూ మసి చారలు. హెడ్డు దించితే ఎగ్జాస్టు వాల్వు సీటు గుంటలు పడి ఉంది. ఇందులో ప్రతిదీ సైలెన్సరు వల్లనే జరిగిందని అనను. పొగ ధారాళంగా పోయే గొట్టం పెట్టినప్పుడు కార్బురేటరులో పెట్రోలు వదిలే కన్నం, అంటే మెయిన్ జెట్టు, పెద్దది వేసి పెట్రోలు కలిపి ఇవ్వాలి; అది చేయలేదు. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, మంట వేడెక్కింది. ఊదుతున్న గ్యాస్కెట్టు గుండా బయటి గాలి లోపలికి చేరి, యాక్సిలరేటరు వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి గొట్టంలో అంటుకుని పేలింది. ఆ పేలుళ్లు విని బండికి బలం వచ్చిందని ఆ అబ్బాయి మొదట్లో సంబరపడ్డాడట. వాల్వు గ్రైండింగుకు, గ్యాస్కెట్లకు, మజూరీకి అయిన ఖర్చు సైలెన్సరు ధరను దాటిపోయింది.

ఆ సాయంత్రం నుంచి ఈ లేఖ నా మనసులో ఉంది. చేతి పనిలో మీరు నాకంటే తక్కువవారు కారు. కానీ టార్కు అంటే ఏమిటి, హార్స్‌పవర్ అంటే ఏమిటి, పొగ గొట్టానికి వాటితో ఉన్న సంబంధం ఏమిటి అని ఎవరైనా అడిగితే, నేనూ నడివయసు వచ్చేదాకా సూటిగా జవాబు చెప్పలేకపోయాను. తెలియని దాన్ని అమ్మకూడదు కదా, కాబట్టి నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తాను.

టార్కు మనకు కొత్త కాదు, రోజూ చేతిలో టార్కు రెంచి పట్టుకునేవాళ్లం. మీటరు పొడవు స్పానరు చివర ఎంత బరువు వేలాడదీస్తే బోల్టు అంత మెలితిప్పుకు లోనవుతుంది; ఆ మెలితిప్పే టార్కు. ఇప్పటి 349 సీసీ క్లాసిక్ 350 ఇంజను తయారీదారు లెక్క ప్రకారం నిమిషానికి 4,000 చుట్ల దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. మీటరు పొడవు స్పానరు చివర సుమారు రెండుముప్పావు కేజీలు వేలాడదీస్తే ఎంత మెలితిప్పు వస్తుందో, ఇంజను తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, దగ్గర అంత. అది గేర్లలో, చైను స్ప్రాకెట్లలో కొన్ని రెట్లు పెరిగి చక్రానికి చేరుతుంది. ఘాటులో బండిని ఎక్కించేది ఇదే. మనం పికప్ అంటున్నదీ ముఖ్యంగా దీన్నే.

హార్స్‌పవర్ వేరు. అది పని జరిగే వేగం. నూతిలోంచి 75 కేజీల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు పైకి లాగితే ఒక మెట్రిక్ హార్స్‌పవర్. టార్కును నిమిషపు చుట్లతో గుణించి 7,023తో భాగిస్తే ఆ చుట్ల దగ్గర ఇంజను ఇచ్చే హార్స్‌పవర్ వస్తుంది. పైన చెప్పిన ఇంజనుకు 4,000 చుట్ల దగ్గర లెక్క వేయండి: పదిహేను పైచిలుకు. అదే ఇంజను గరిష్ఠ శక్తి 6,100 చుట్ల దగ్గర సుమారు 20 హార్స్‌పవర్. మరి అక్కడ టార్కు ఎంత? తిరగేసి లెక్క కడితే 23 న్యూటన్ మీటర్ల చిల్లర. అంటే 4,000 నుంచి 6,100కు పోయేసరికి టార్కు 27 నుంచి 23కు పడిపోయింది, హార్స్‌పవర్ మాత్రం పదిహేను నుంచి ఇరవైకి పెరిగింది. చుట్లు పెరిగాయి కాబట్టి పెరిగింది. ఈ ఒక్క లెక్క కాగితం మీద స్వయంగా వేసి చూసుకున్న మెకానిక్, "హార్స్‌పవర్ పెరిగితే పికప్ పెరిగినట్టే" అని ఇక ఎన్నడూ అనలేడు. పైన ఎక్కడో 6,000 చుట్ల దగ్గర ఒక హార్స్‌పవర్ తెచ్చి, కింద 3,000 దగ్గర టార్కు కోసేసే మార్పు ఉంటుంది. మయూరి జంక్షన్ నుంచి కోట జంక్షన్ దాకా జనంలో నడిపే బండికి అది నష్టం. అక్కడ 6,000 చుట్లు తిప్పే సందు ఎవరికి దొరుకుతుంది?

ఇక గొట్టం సంగతి. ఇది నాకు మా ఐ.టి.ఐ. మాష్టారు ఒకరు, తాము రిటైరయిన తరవాత, మా షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని చెప్పారు. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకోగానే లోపలి ఒత్తిడి ఒక దెబ్బలా గొట్టంలోకి దూకుతుంది. పొగ నెమ్మదిగా వెళుతుంది, దాని కంటే ముందు ఆ ఒత్తిడి తరంగం ధ్వని వేగంతో పరుగెడుతుంది. వేడి పొగలో ఆ వేగం సెకనుకు 500 మీటర్లకు పైనే. గొట్టం హఠాత్తుగా వెడల్పయ్యే చోటికో, బయటికి తెరుచుకునే చోటికో చేరగానే ఆ తరంగం తలకిందులై, అంటే ఒత్తిడిగా వెళ్లింది పీల్పుగా మారి, వెనక్కి వాల్వు దగ్గరకు వస్తుంది. ఎగ్జాస్టు వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకుండా, ఇన్‌లెట్ వాల్వు అప్పుడే తెరుచుకుంటున్న చిన్న క్షణం ఒకటి ఉంది. సరిగ్గా ఆ క్షణానికి పీల్పు వచ్చి తగిలితే మిగిలిన పొగను లాగేసి, కొత్త మిశ్రమాన్ని లోపలికి రప్పిస్తుంది. సిలిండరు నిండుగా నిండుతుంది, టార్కు పెరుగుతుంది. వేళ తప్పి వస్తే, లేదా పీల్పు బదులు ఒత్తిడి తగిలితే, పొగే మళ్లీ లోపలికి నెట్టుకొస్తుంది. ఆ చుట్ల దగ్గర టార్కులో గుంట పడుతుంది.

ఇందులో కీలకం వేళ. గొట్టం పొడవు మారదు కాబట్టి తరంగం వెళ్లి రావడానికి పట్టే కాలమూ పెద్దగా మారదు. కానీ ఇంజను 3,000 చుట్ల దగ్గర ఒక్కో చుట్టుకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటే, 6,000 దగ్గర 10 మిల్లీసెకన్లే తీసుకుంటుంది. కాబట్టి ఒక పొడవు గొట్టం ఏదో ఒక చుట్ల పరిధిలోనే ఇంజనుకు సాయపడగలదు. పొడుగు గొట్టం కింది చుట్లలో, పొట్టి గొట్టం పై చుట్లలో. మాష్టారు దీన్ని చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. మనది 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు, ఆయనకు కచేరీలంటే ప్రాణం. "సన్నాయి వాయించేవాడు వేలు ఎత్తి రంధ్రం తెరిస్తే ఏమవుతుంది? లోపల గొట్టం పొట్టిదైనట్టే లెక్క, స్వరం పైకి పోతుంది. నువ్వు సైలెన్సరు కోసినప్పుడు చేసేది అదే పని. ఇంజను బలమంతా పై చుట్లకు పోతుంది. కింద ఉండేవాడికి అది అందదు" అన్నారు.

వెడల్పు సంగతి ఇంకా తేలిక. మన అమ్మలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేవారు. సన్నని గొట్టం కాబట్టే ఊపిరి వేగంగా పోయి నిప్పుకు తగిలేది. అదే ఊపిరిని అరచేతి వెడల్పు గొట్టంలోకి ఊదితే బూడిద కూడా కదలదు. తక్కువ చుట్ల దగ్గర ఇంజను వదిలే పొగ తక్కువ. దానికి లావు గొట్టం పెడితే పొగ వేగం చచ్చిపోతుంది, వెళుతూ వెళుతూ తన వెనక ఉన్నదాన్ని లాక్కుపోయే గుణం పోతుంది. పై చుట్లలో పొగ ఎక్కువ కాబట్టి అక్కడ సన్న గొట్టం అడ్డం పడుతుంది. కంపెనీ ఇంజనీర్లు బెండ్ పైపు వ్యాసం, పొడవు ఎంచినప్పుడు చూసేది ఈ రెండింటి మధ్య తూకమే.

ఇక్కడే మన షెడ్లలో పాతుకుపోయిన ఇంకో మాటను సరిదిద్దాలి. "ఇంజనుకు బ్యాక్ ప్రెషరు కావాలి, అది లేకపోతే టార్కు పోతుంది" అంటారు. గొట్టానికి అడ్డం పెట్టిన కొద్దీ ఇంజను బలపడదు. అడ్డం ఎప్పుడూ నష్టమే, పిస్టన్ దాన్ని నెట్టడానికి తన శక్తి ఖర్చు పెట్టాలి. కావలసింది పొగ వేగం, తరంగం తిరిగివచ్చే వేళ. జాలీ తీసినప్పుడు టార్కు పోవడానికి కారణం అడ్డం పోవడం కాదు. ఆ వేళ చెడిపోవడం, మిశ్రమం చెడిపోవడం. ఈ తేడా పుస్తకాల కోసం చెబుతున్నది కాదు. బ్యాక్ ప్రెషరు పేరు చెప్పి గొట్టం చివర గుడ్డలు కుక్కినవాళ్లను, వాషర్లు వెల్డింగు చేసినవాళ్లను చూశాను. ఆ బండ్లు వేడెక్కి నా దగ్గరకే వచ్చాయి.

సైలెన్సరు మారిస్తే శక్తి మారుతుందన్న నమ్మకం ఊరికే పుట్టలేదని కూడా ఒప్పుకోవాలి. మనం పని నేర్చుకున్న రోజుల్లో యమహా ఆర్ఎక్స్ 100 బండి రాజ్యమేలింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, రెండు స్ట్రోకుల ఇంజను. రెండు స్ట్రోకుల ఇంజనుకు ఎగ్జాస్టు వాల్వే లేదు, సిలిండరు గోడలో కన్నం మాత్రమే. కొత్త మిశ్రమం ఆ కన్నం గుండా బయటికి పోకుండా వెనక్కి నెట్టేది సైలెన్సరు పొట్ట ఆకారమే. కాబట్టి అక్కడ సైలెన్సరు దాదాపు ఇంజనులో ఒక భాగం. ఆకారం కాస్త మారినా శక్తి స్పష్టంగా మారేది, మసి పట్టిన జాలీ కడ్డీ తీసి కాల్చి శుభ్రం చేస్తే బండి నిజంగానే పరుగెత్తేది. ఆ అనుభవాన్ని మనం నాలుగు స్ట్రోకుల బండ్లకు అలాగే మోసుకొచ్చాం. 1996లో ఆ బండి తయారీ ఆగిపోయినా మన చేతులు ఆ పాఠాన్ని మర్చిపోలేదు.

నేనూ మర్చిపోలేదు. షెడ్డు పెట్టిన తొలి రోజుల్లో నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే ఒకాయన స్ప్లెండరు తెచ్చాడు. భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని రామతీర్థం వెళితే బండి బరువుగా లాగుతోందని చెప్పాడు. పెద్ద పనితనం చూపిస్తున్నాననుకుని సైలెన్సరు వెనక మూత కోసి లోపలి గొట్టం తీసేశాను. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. "బాబూ, చప్పుడు పెరిగింది గానీ బండి మునుపటికంటే నీరసంగా ఉందేటి? మైలేజీ కూడా పడిపోయింది" అన్నాడు. కొద్ది రోజులు తిరిగితే సర్దుకుంటుందని అబద్ధం చెప్పి పంపాను. ఆ తరవాత ఇంకో మెకానిక్ ఆ బండికి క్లచ్ ప్లేట్లు మార్చాడని, దానితో లాగుడు బాగుపడిందని తెలిసింది. ప్లేట్లు అరిగి జారుతున్న బండికి నేను సైలెన్సరు కోశాను. ఆయనకు ఇవ్వవలసిన డబ్బు ఇవ్వలేకపోయాను, ఆయన మళ్లీ నా షెడ్డుకు రాలేదు.

అందుకే అంటున్నాను, పికప్ తగ్గిందని బండి వచ్చినప్పుడు సైలెన్సరు వైపు చూసే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. గాలి ఫిల్టరు మట్టి పట్టి ఉంటుంది, మన ఎర్ర మట్టి రోడ్లలో అది మరీ త్వరగా పడుతుంది. వాల్వులను తెరిచే ట్యాపెట్ల సందు తప్పి ఉంటుంది. చైను బిగిసి ఉంటుంది, టైర్లలో గాలి తక్కువై ఉంటుంది, వెనక బ్రేకు పట్టేసి ఉంటుంది, ప్లగ్గు గ్యాపు పెరిగి ఉంటుంది. ఇవన్నీ సరిచేస్తే పోయిన బలం తిరిగి వస్తుంది. సైలెన్సరు అమ్మితే వచ్చినంత లాభం ఇందులో రాదు, నాకు తెలుసు. కానీ ఆ మనిషి ఏడాదంతా మన దగ్గరకే వస్తాడు.

ఇప్పటి బండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే కాలుష్య ప్రమాణం వచ్చాక దాదాపు ప్రతి బండికీ ఇంధన ఇంజెక్షను, బెండ్ పైపులో ఆక్సిజన్ సెన్సరు, సైలెన్సరు లోపల తేనెపట్టులాంటి క్యాటలిటిక్ కన్వర్టరు ఉంటున్నాయి. ఇంజెక్షను బండిలో ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది గనుక గొట్టం ఏది పెట్టినా అదే సర్దుకుంటుందని మనలో చాలామంది అనుకుంటున్నారు. సగమే నిజం. ఒకే వేగంతో మెల్లగా పోయేటప్పుడు సెన్సరు చెప్పినట్టు అది సర్దుకుంటుంది. యాక్సిలరేటరు గట్టిగా తిప్పినప్పుడు మాత్రం కంప్యూటరు తనలో ముందే రాసి ఉన్న పట్టిక చూసి పెట్రోలు ఇస్తుంది. ఆ పట్టిక కంపెనీ సైలెన్సరు కోసం రాసింది. కొత్త గొట్టంతో గాలి పెరిగితే మిశ్రమం పలచబడుతుంది, అది కూడా ఇంజను మీద భారం ఎక్కువగా ఉన్నప్పుడే. ఇక బెండ్ పైపు అతుకు దగ్గర గాలి కారితే సెన్సరు పొరబడి, మిశ్రమం పలచగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది, మైలేజీ పడిపోతుంది. క్యాటలిస్టును పగలగొట్టి తీసేయడం గురించి ఒక్క మాట చాలు: అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది, పాత సామాను కొనేవాళ్లు దాని కోసం డబ్బిస్తారు, దాని ఆశతో కస్టమరుకు చెప్పకుండా తీసేసేవాళ్లు ఉన్నారు. దాన్ని దొంగతనం అనక ఇంకేమనాలి?

కీ తిప్పి ఇంజను ఆపి మళ్లీ వేసి పటాకాలు పేల్చే పిల్లల గురించి కూడా మనమే వాళ్లకు చెప్పాలి. ఇంజను తిరుగుతుండగా నిప్పు ఆగితే, కాలని పెట్రోలు గొట్టంలో పోగుపడి నిప్పు రాగానే అక్కడే పేలుతుంది. సైలెన్సరు అతుకులు విచ్చుకుంటాయి, క్యాటలిస్టు కరిగి గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పుడు బండి నిజంగానే లాగదు.

సైలెన్సరు మారిస్తే ఏ ప్రయోజనమూ ఉండదని నేను అనడం లేదు. అలా అంటే మీరు నన్ను నమ్మరు, నమ్మకూడదు కూడా. కంపెనీ సైలెన్సరు బరువైనది, బయట దొరికే మంచి సైలెన్సరు కొన్ని కేజీలు తేలిక. బరువు తగ్గడం నిజమైన లాభమే. పోటీ ట్రాకు మీద తిరిగే బండికి బెండ్ పైపు నుంచి చివరిదాకా మొత్తం మార్చి, క్యామ్‌షాఫ్టు, గాలి పెట్టె, ఇంధన పట్టిక అన్నీ ఆ గొట్టానికి సరిపోయేలా కూర్చితే పై చుట్లలో హార్స్‌పవర్ పెరుగుతుంది. అది మొత్తంగా ఒక రూపకల్పన, శక్తిని కొలిచే డైనో యంత్రం రోలర్ల మీద కొలిచి కొలిచి చేసే పని. మన దగ్గర జరిగేది వెనక సైలెన్సరు ఒక్కటి విప్పి ఇంకొకటి తగిలించడం. దానివల్ల చిన్న ఇంజనులో మనిషికి తెలిసేంత శక్తి పెరగదు. పెరిగినట్టు అనిపించేది చెవికి. చప్పుడు రెట్టింపయితే వేగం పెరిగిందని మనసు నమ్ముతుంది. స్పీడోమీటరు చూడమనండి.

నమ్మకం లేకపోతే పరీక్ష మన చేతిలోనే ఉంది. అదే బండి, అదే మనిషి, టైర్లలో అదే గాలి, ట్యాంకులో అంతే పెట్రోలు. తెల్లవారుజామున ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు మీద, మూడో గేరులో గంటకు 30 నుంచి 60 కిలోమీటర్లకు చేరడానికి ఎంత సేపు పట్టిందో వెనక కూర్చున్నవాడు స్టాప్‌వాచీతో చూడాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, గాలి ఎటు వీచినా లెక్క తప్పకుండా. తరవాత సైలెన్సరు మార్చి మళ్లీ అంతే. హెల్మెట్లు మర్చిపోవద్దు. ఇంకా లోతుగా చూడాలనుకుంటే మన జిల్లాలో ఇంజనీరింగు కళాశాలలున్నాయి. మెకానికల్ విభాగం ల్యాబులలో ఇంజను షాఫ్టు చక్రానికి తాడు చుట్టి, ఒక చివర బరువులు, ఇంకో చివర స్ప్రింగు త్రాసు కట్టి టార్కు కొలిచే పరికరం ఉంటుంది. ఒక ఆదివారం మెకానిక్‌లను పిలిచి అది చూపించమని మనందరం కలిసి అడిగితే అధ్యాపకులు కాదనరని నా ఆశ. బరువు నుంచి త్రాసు చూపేది తీసేసి చక్రం వ్యాసార్ధంతో గుణించడమే, చిన్న పిల్లలకూ అర్థమవుతుంది. మన పిల్లలు కొందరు ఆ కళాశాలల్లోనే చదువుతున్నారు, వాళ్లను అడిగినా చెబుతారు.

చట్టం గురించి ఎక్కువ రాయను, కానీ బండి యజమానికి చెప్పాల్సిన బాధ్యత మనది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపం మార్చవద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం. 80 నుంచి 175 సీసీ దాకా బండ్లకు తయారీ పరీక్షలో 77 డెసిబెల్స్, ఆ పైవాటికి 80 డెసిబెల్స్ హద్దు. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు, పది పెరిగితే ధ్వని శక్తి పదింతలైనట్టు. ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని నిబంధనలు అంటాయి. మన ఘోషాసుపత్రి ముందు రాత్రి పూట ఒక జాలీ లేని బండి పోతే, లోపల అప్పుడే పుట్టిన పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడవడం నేను మా కోడలి కాన్పు రోజున స్వయంగా విన్నాను. ఆ బండి ఎవరి షెడ్డులో తయారైందో నాకు తెలియదు. నా షెడ్డులో అయినా అయి ఉండవచ్చునన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మిమ్మల్ని అడిగేవి కొద్దే. శక్తి పెరుగుతుందని కొలిచి చూపగలిగితేనే ఆ మాట చెప్పండి, లేకపోతే "చప్పుడు మారుతుంది, రూపు మారుతుంది, కింద లాగుడు తగ్గవచ్చు, ఫైను పడుతుంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది విన్న తరవాత కూడా వేయించుకుంటానంటే ఆ పని మానేయండని నా కోరిక. మీ పొట్ట మీద కొట్టే హక్కు నాకు లేదు గనుక ఆజ్ఞ అనను. బెండ్ పైపు కోయకండి. కోసిన సైలెన్సరు మళ్లీ అతుకుతుందేమో గాని కోసిన బెండ్ పైపు పొడవు ఇక రాదు. విప్పిన ప్రతిచోటా కొత్త గ్యాస్కెట్టు వేయండి. ముఖ్యంగా, విప్పిన ఒరిజినల్ సైలెన్సరును కస్టమరుకే ఇవ్వండి, గోనె సంచిలో చుట్టి ఇంట్లో దాచుకోమని చెప్పండి. పాత ఇనుము కింద తూచి అమ్మేయకండి. ఏడాది తిరక్కుండానే వాళ్లలో చాలామంది దాని కోసం వెతుక్కుంటారు, కొత్తది కొనాలంటే బీఎస్ 6 బండ్లకు క్యాటలిస్టుతో కలిపి ధర చుక్కల్లో ఉంటుంది.

గజపతినగరం అబ్బాయి ఒరిజినల్ సైలెన్సరు అలాగే పాత ఇనుములో పోయింది. అదృష్టవశాత్తూ అదే మోడలుది, ఇంకెవరో ఎప్పుడో వదిలేసి వెళ్లినది, మా అటక మీద ఉంది. తుప్పు గీకి, మూత అతికించి, కొత్త గ్యాస్కెట్టుతో బిగించాను. మెయిన్ జెట్టు కంపెనీ సైజుదే ఉంచాను. వారం తరవాత ఆ అబ్బాయి ఫోను చేశాడు. స్నేహితుణ్ణి ఎక్కించుకునే మళ్లీ అనంతగిరి వెళ్లాడట, మలుపుల దగ్గర తప్ప మూడో గేరు దించలేదట.

ఆ అటక మీద ఇంకా పదకొండు ఒరిజినల్ సైలెన్సర్లు ఉన్నాయి. వాటిలో నాలుగు స్ప్లెండరువి, రెండు పల్సర్ 150వి, మూడు పాత బుల్లెట్టువి, ఒకటి యూనికార్నుది, ఇంకొకటి ఏ బండిదో గుర్తు పట్టలేకపోతున్నాను, బెండ్ పైపు మెడ దగ్గర పచ్చ రంగు చుక్క ఉంది. మీ షెడ్డుకు ఈ బండ్లు చప్పుడుతో వస్తే యజమానిని ఆర్.సి. తెచ్చుకుని నా దగ్గరకు రమ్మనండి. సైలెన్సరుకు డబ్బు తీసుకోను. బిగించే పని మీరే చేయండి, మజూరీ మీదే.

ఇట్లు,
కొత్తపేట వైపు షెడ్డు ఉన్న ఒక పాత మెకానిక్,
విజయనగరం